వ్యాయామశాలలో పిల్లల ఉపాహారము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము నాకు అప్పగింపబడిన విషయము మీలో కొందరికి మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపములు, ఇంటిపన్ను మొదలగు సంగతులు వినుటకు మీరు ఇంత దూరము వచ్చితిరి. నేనేమో సాయంకాలమున పల్టీలు కొట్టు పిల్లలు సాధన నడుమ ఏమి తినవలెను, ఎప్పుడు తినవలెను అను మాట చెప్పబోవుచున్నాను. కొంచెముసేపు ఓపిక పట్టి వినుడని కోరుచున్నాను. విన్న పిమ్మట ఇది పంచాయతీ పట్టించుకొనవలసిన పని అగునో కాదో మీరే నిర్ణయింపవచ్చును.

దేహసాధన మనకు క్రొత్తది కాదు. ఉత్తరాంధ్ర గ్రామములలో సాము గరిడీలు, పట్టణములలో తాలింఖానాలు తరతరములుగా ఉన్నవి. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని తెలుగువారు అరుదు. ఇటీవలి కాలమున జిమ్నాస్టిక్స్ అను క్రీడయందు మన దేశపు బాలికలు పేరు తెచ్చుచున్నారు. త్రిపుర రాష్ట్రమునకు చెందిన దీపా కర్మాకర్ 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో వాల్ట్ పోటీయందు నాలుగవ స్థానము పొందినది. ఆమెకు పతకము తప్పిపోయినది కేవలము 0.15 పాయింట్ల తేడాతోనే. మన హైదరాబాదుకు చెందిన అరుణారెడ్డి 2018లో మెల్బోర్న్ నగరమున జరిగిన ప్రపంచ కప్ పోటీలలో అదే అంశమున కాంస్య పతకము గెలుచుకొన్నది. మహారాష్ట్రమున వేళ్లూనిన మల్లఖంబము సయితము ఖేలో ఇండియా క్రీడలలో చోటు సంపాదించుకొన్నది. ఇట్టి వార్తలు విన్న పిల్లలు బడి ఆవరణలోని ఇసుకగుంట వద్ద చేరి పిల్లిమొగ్గలు వేయుటకు ఉత్సాహపడుట సహజమే. పోటీల మాట అటుంచినను, ఆగస్టు పదిహేను, జనవరి ఇరువది ఆరు వచ్చుచున్నవనగా ప్రతి ఉన్నత పాఠశాలలోను పిల్లలు ఒకరి భుజములపై నొకరు నిలిచి పిరమిడ్లు కట్టు సాధన మొదలగును. దానికి జిమ్నాస్టిక్స్ అను పేరు పెట్టకపోయినను పని అదే.

ఇప్పుడు గడియారము ముందు పెట్టుకొని కొంచెము లెక్క వేయుదము. బడిలో మధ్యాహ్న భోజనము ఇంచుమించు పన్నెండున్నరకు ముగియును. నాలుగు గంటలు దాటిన పిదప బడి విడుతురు. అటుపై సాధన ఆరున్నర వరకు, పోటీ దగ్గరపడినచో ఏడు వరకు సాగును. పిల్లవాడు ఇంటికి చేరి, కాళ్లు చేతులు కడుగుకొని, తల్లి పొలము నుండి వచ్చి వంట చేసి వడ్డించునప్పటికి ఎనిమిది. అనగా ఏడున్నర గంటల కాలము కడుపులో ఏమియు పడదు. అందులో రెండు మూడు గంటలు కష్టమైన దేహశ్రమ. అరక దున్ను ఎద్దునకైనను నడుమ మేత చూపనిదే మనము కాడి కట్టము గదా!

శరీరము తాను తిన్న పిండిపదార్థమును చక్కెరగా మార్చి కొంత కండరములలోను, కొంత కాలేయమునందును నిల్వ చేసికొనును. పని చేయునపుడు ఆ నిల్వ నుండి వాడుకొనును. పిల్లల శరీరము చిన్నది; వారి నిల్వయు చిన్నదే. అది తరుగుచున్న కొలది మొదట కాళ్లు తడబడవు. మొదట మనస్సు నిలువదు, చేతిపట్టు సడలును, దూరము అంచనా తప్పును. పరుగు పందెములో ఈ లోపము వచ్చినచో పిల్లవాడు వెనుకబడును, అంతే. తల క్రిందులుగా గాలిలో నున్న పిల్లవాని సంగతి అట్లు కాదు. పిరమిడ్‌లో అడుగున నిలిచిన బాలునికి కన్ను చీకటి కమ్మినచో పడునది అతడొక్కడే కాదు. పైవరుసలో జెండా పట్టుకొన్న పసివాడు పడును. సాధన చివరి అరగంటను జాగ్రత్తగా గమనింపుడని వ్యాయామోపాధ్యాయులకు చెప్పుడు. అప్పటికి పిల్లలలో అలసట, ఆకలి రెండును కలిసి యుండును.

దీనికి కొందరు ఉపాధ్యాయులు ఒక అభ్యంతరము చెప్పుదురు. కడుపు నిండినవాడు తలక్రిందులుగా నిలిచినచో వాంతి యగునని వారి భయము. ఆ భయము అబద్ధము కాదు. పూర్తి భోజనమునకును, కష్టమైన సాధనకును నడుమ రెండు మూడు గంటలు ఉండవలసినదే. కాని మనము చెప్పునది భోజనము కాదు, ఉపాహారము. గుప్పెడు తిండి, ఒక గ్లాసు నీరు. బడి విడువగానే కొంచెము, సాధన సగమైన తరువాత మరికొంచెము ఇచ్చి, పదిహేను నిమిషములు కూర్చుండబెట్టి, పిమ్మట సాగుడు వ్యాయామములతోను నడకతోను తిరిగి ఆరంభించినచో ఏ బాధయు కలుగదు. నూనెలో వేగిన బజ్జీ, పూరి వంటివి మాత్రము ఈ వేళకు పనికిరావు. కొవ్వు పదార్థము కడుపులో చాలసేపు నిలిచియుండును.

ఏమి పెట్టవలెను? ఇందుకు పట్టణపు అంగడికి పోనక్కరలేదు. పాత తాలింఖానాలలో వస్తాదులు శిష్యులకు నానబెట్టిన శనగలు, బెల్లము పెట్టెడివారు. ఆ పద్ధతియందు గొప్ప తెలివి కలదు. బెల్లము వెంటనే శక్తి నిచ్చును. శనగలు మెల్లగా అరుగుచు ఆ శక్తిని నిలుపును, కండకు కావలసిన మాంసకృత్తులను ఇచ్చును. వేరుశెనగపప్పు నూరు గ్రాములలో మాంసకృత్తులు ఇంచుమించు 25 గ్రాములు. పిల్లవానికి 30 గ్రాముల పప్పు, 20 గ్రాముల బెల్లము చాలును. అరటిపండు దొరకు ఊళ్లలో ఒక పండు ఇచ్చినను మంచిదే; తేలికగా అరుగును, తొక్క ఉన్నది గనుక ఈగ వాలినను భయము లేదు. చోళ్లు పండు ప్రాంతములవారు అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి ఇయ్యవచ్చును. చోళ్లలో నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాములకు దరిదాపుగా సున్నము గలదు. ఎముక ఎదుగు వయస్సున దూకుట, గెంతుట నేర్చు పిల్లలకు అంతకంటె కావలసినదేమి?

ముప్పది మంది పిల్లలున్న వ్యాయామశాలకు దినమునకు పప్పు 900 గ్రాములు, బెల్లము 600 గ్రాములు పట్టును. నెలకు ఇరువది నాలుగు దినములు సాధన జరిగినచో పప్పు 21 కిలోల 600 గ్రాములు, బెల్లము 14 కిలోల 400 గ్రాములు. ధర మీ సంతలో ఎంత యున్నదో నాకంటె మీకే బాగుగా తెలియును. హెచ్చించి చూచుకొనుడు. తెలంగాణములో 2025లో పదవ తరగతి పిల్లలు పరీక్షల ముందు సాయంకాలము ప్రత్యేక తరగతులకు నిలిచినపుడు, ప్రభుత్వము తలకు దినమునకు 15 రూపాయల లెక్కన అల్పాహారము ఇప్పించినది. కూర్చుండి చదువు పిల్లలకే అది అవసరమని తోచినపుడు గెంతు పిల్లల మాట వేరుగ చెప్పనేల?

పప్పు కొనునపుడు ఒక జాగ్రత్త అత్యవసరము. బూజు పట్టినది, ముడుచుకొనిపోయినది, రంగు మారినది ఏరి పారవేయవలెను. తడి తగిలిన వేరుశెనగలో పెరుగు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెరచును, వేయించినను పూర్తిగ పోదు. చవకగా వచ్చినదని గిడ్డంగి అడుగున మిగిలిన బస్తా తెచ్చి పిల్లలకు పెట్టరాదు. వేరుశెనగ సరిపడని పిల్లలును అరుదుగా నుందురు. అట్టివారిని ముందే అడిగి తెలిసికొని పుట్నాలపప్పు ఇయ్యవలెను. నోట పలుకు ఉంచుకొని ఎవ్వడును దూకరాదు, గొంతున అడ్డుపడును.

నీటి మాట మరువరాదు. దాహము వేయునప్పటికే శరీరము కొంత నీరు కోల్పోయి యుండును. వేసవిలో ఇరువది నిమిషముల కొకమారు సాధన నిలిపి ప్రతి పిల్లవానిచేత కొంచెము నీరు త్రాగింపవలెను. ఎండ మిక్కుటమై చెమట ధారలు కట్టిన దినమున లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చిన చాలును. కడవలో గ్లాసు ముంచుట మాన్పించి పొడవు కాడ గల గరిటె పెట్టింపుడు.

ఇంతవరకు చెప్పినది తిండి సంగతి. ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. "ఎవరి ఇంటినుండి వారు తెచ్చుకొనవచ్చును గదా, పంచాయతీకి ఈ బెడద ఎందుకు?" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగెను. ఆయన ఊరి వ్యాయామశాలలో ఆ పద్ధతియే నడచుచున్నది. విరామపు ఈల వేసిన పిదప నేను అక్కడనే నిలిచి చూచితిని. కొందరు డబ్బాలు తెరచిరి. ఒకరి డబ్బాలో బిస్కట్లు, ఒకరి డబ్బాలో అరిసె. ఏమియు తేని పిల్లలు నలుగురైదుగురు కుళాయి వద్దకు పోయి చేతులు కడుగ మొదలిడిరి. పదిహేను నిమిషములు వారు చేతులు కడుగుచునే యుండిరి. తిరిగి ఈల వేసిన తరువాత అందరితోపాటు వచ్చి వరుసలో నిలిచిరి. ఆ పిల్లలలో మల్లఖంబము ఎక్కుటలో అందరికంటె నేర్పరియైనవాడు ఒకడున్నాడని ఉపాధ్యాయుడు నాతో చెప్పెను. కొన్ని మాసముల పిమ్మట విచారించితిని. ఆ బాలుడు రాక మానివేసెను. కారణము ఎవరును అడుగలేదు.

కనుక ఉపాహారము ఉమ్మడిగా నుండవలెను. ఒకే డబ్బా, ఒకే కొలత, అందరును ఒకే బంతి. వడ్డించువారి కులము, తినువారి కులము అను ప్రశ్నయే అక్కడ పుట్టరాదు. పుట్టినచో దానిని అక్కడనే త్రుంచుట సర్పంచి విధి. చట్టమును మీకు అండగా నున్నది.

బాలికల విషయము వేరుగ చెప్పవలసియున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. అట్టి బాలిక సాధనలో వెనుకబడినపుడు బద్ధకమని గద్దింపరాదు. ఆరోగ్య ఉపకేంద్రములో రక్తపరీక్ష చేయింపవలెను. తిండితోపాటు టీ త్రాగించు అలవాటు ఉన్నచో మాన్పింపుడు. టీ ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. నిమ్మ, ఉసిరి, జామ పట్టించును. ఇంకొక మాట. దేహము సన్నగా నుండినగాని జిమ్నాస్టిక్స్ రాదని తలచి కొందరు శిక్షకులు బాలికలను పస్తు పెట్టుదురు. ఇది లోకమంతట ఉన్న దురాచారము. చేయు శ్రమకు తగిన ఆహారము లేనిచో ఎముకలు బలహీనపడునని, ఋతుక్రమము నిలిచిపోవునని, ఎదుగుదల కుంటుపడునని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు 2014లోనే హెచ్చరించిరి. మీ ఊరి శిక్షకుడు పిల్లల బరువును అందరి యెదుట చదివి వెక్కిరించుచున్నాడని తెలిసినచో పంచాయతీ ఊరకుండరాదు. మహిళా సభ్యులు నెలకు రెండుమార్లైనను సాధనవేళకు పోయి కూర్చుండినచో చాల మేలు.

బడి గేటు ముందరి బండ్ల సంగతియు మీ అధికారములోనిదే. కొవ్వు, ఉప్పు, పంచదార అధికముగా నున్న పదార్థములను బడి గేటునుండి 50 మీటర్ల లోపల అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన చేసినది. బండివానిని తరిమివేయుమని నేను చెప్పను, అతనికిని పిల్లలున్నారు. ఉడికిన శనగలు, జామకాయలు, మొక్కజొన్న కంకులు అమ్ముమని చెప్పుడు.

డబ్బు ఎక్కడనుండి వచ్చును? అన్ని పంచాయతీల ఆదాయము ఒక్కరీతిగ నుండదు. కలిగినవారు గ్రామసభలో చర్చించి, నిబంధనలకు లోబడి వార్షిక ప్రణాళికలో కొంత చేర్చవచ్చును. లేనివారు పంట ఇంటికి వచ్చు దినములలో కల్లము వద్దనే అడుగుట మేలు. రూకలు ఇయ్యని రైతు కుంచెడు పప్పు ఇచ్చును. పొదుపు సంఘపు స్త్రీలకు ఉండలు కట్టు పని ఒప్పగించినచో వారికి నాలుగు రూకలు, పిల్లలకు శుభ్రమైన తిండి. వచ్చిన సరకు, ఖర్చైన సరకు, హాజరైన పిల్లల సంఖ్య మూడును ఒక పుస్తకములో ఏ దినమునకు ఆ దినము వ్రాసి, నెలాఖరున పంచాయతీ బోర్డుపై అంటింపుడు.

డబ్బా తాళపుచెవి మాత్రము వ్యాయామోపాధ్యాయుని చేతిలో పెట్టవలదు. ఆయన సెలవు పెట్టిన దినమున పిల్లలకు ఏమియు దొరకదు. బడి ప్రక్కన నివసించు ఒక తల్లి వద్ద నుంచుడు. ఇక మీ ప్రశ్నలు అడుగవచ్చును.