బలహీనమైన కాలు



హైదరాబాదు ఫుట్‌బాల్‌కు కీర్తి తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. వారు శిక్షణనిచ్చిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలనే నియమముతో వారు ప్రత్యేకముగా పోటీలు పెట్టేవారు.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి వారిని క్యాన్సరు పీడిస్తున్నది. అయినా మైదానము విడువలేదు. ఫైనలులో మనవారు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకము గెలిచారు. 1963 జూన్‌లో రహీం గారు కన్నుమూశారు.

మన సంఘములలో చదువులోగాని, మాటలోగాని వెనుకబడిన బిడ్డను పక్కన కూర్చోబెట్టకండి. రహీం గారు బలహీనమైన కాలికే ఎక్కువ పని చెప్పారు.