దుర్మార్గుని సంజాయిషీ కూడా వినాలి

(బీచుపల్లిలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇండ్లలో చూసే టీవీ ధారావాహికల గురించి మాట్లాడమని నన్ను కోరారు. టీవీ మంచిదా, చెడ్డదా అనే పాత వాదాన్ని నేను ఎత్తుకోను. మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటనతో ప్రారంభిస్తాను.

2020లో లాక్‌డౌన్ నాటి రంజాన్ నుండి 'ఎర్తుగ్రుల్ గాజీ' అనే తుర్కీ ధారావాహిక ఉర్దూ అనువాదంతో మా ఇంట ప్రవేశించింది. 2014 నుండి 2019 వరకు తుర్కీ ప్రభుత్వ టీవీలో ప్రసారమైన ఆ కథ 13వ శతాబ్దపు కాయీ తెగకు సంబంధించినది. యుద్ధాలు ఎన్ని ఉన్నా మూలంలో అది ఒక కుటుంబ కథ. అందులో కథానాయకుని వదిన సెల్జాన్ ఖాతూన్. ఆమె తండ్రి ద్రోహం చేశాడని తెగ నాయకుడైన సులేమాన్ షా అతనికి మరణశిక్ష విధించాడు. ఆ అనాథ బిడ్డ అదే నాయకుని గుడారంలో పెరిగి, అతని ఇంటికే కోడలైంది. లోపల పగ దాచుకొని, కుట్రదారులతో చేతులు కలిపింది.

ఒక రాత్రి ఆమె కన్నీరు పెట్టుకున్న దృశ్యం చూసి ఏడవ తరగతి చదువుతున్న మా మనవరాలు ఏడ్చింది. దాని అన్న కోప్పడ్డాడు. "దగా చేసినదాని కోసం ఏడుస్తావా? నీవు ఎవరి పక్షం?" అన్నాడు. పిల్ల నా దగ్గరకు వచ్చి, "దాదా, ఆమె చేసింది తప్పేనని నాకు తెలుసు. అయినా ఏడుపు వస్తోంది. ఇది గునాహ్ అవుతుందా?" అని అడిగింది.

ఆ రాత్రి నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత నా ఉద్యోగ జీవితమే నాకు జవాబు చూపింది.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎన్నో చార్జిమెమోలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఎంత పెద్ద నేరం మోపినా, ఉద్యోగికి ఆరోపణలు తెలిపి, అతని మాట వినకుండా ఉద్యోగం నుండి తొలగించడానికి సాధారణంగా వీలులేదు. రాజ్యాంగం 311వ అధికరణం ఆ రక్షణ కల్పించింది. సంజాయిషీ చదివిన తరువాత కూడా చాలామందికి శిక్ష పడింది. కొందరి విషయంలో మాత్రం అసలు తప్పు ఎక్కడ మొదలైందో ఆ కాగితం వల్లనే తెలిసింది. సంజాయిషీ వినడం వేరు, శిక్ష మాఫీ చేయడం వేరు. మా మనవరాలు ఏడ్చినప్పుడు చేసింది మొదటి పని మాత్రమే.

సోదరులారా! ఈ తేడా మనకంటే ఎక్కువగా ఎవరికి అవసరం? ఎన్నో సినిమాలలో బాంబు పెట్టేవానికి మన పేరు, మన గడ్డం, మన టోపీ తగిలిస్తారు. అతనికి తల్లి ఉండదు, బాల్యం ఉండదు, సంజాయిషీ ఉండదు. ఆ సినిమా చూసి వచ్చిన పక్కింటివాడు మన పిల్లవాణ్ణి కొత్త చూపుతో చూస్తాడు. నేరం చేసినవాణ్ణి వదిలిపెట్టమని మనం కోరడం లేదు. మమ్మల్ని మనుషులుగా చూపండి, తీర్పుకు ముందు మా మాట వినండి అని కోరుతున్నాము. ఇతరుల నుండి కోరిన న్యాయాన్ని మన తెర మీది శత్రువుకు మనం ఇవ్వకపోతే, ఆ కోరికకు బలం ఎక్కడిది?

1990లో దూరదర్శన్‌లో టిప్పు సుల్తాన్ ధారావాహిక వచ్చినప్పుడు, ఇది కల్పన అనే ప్రకటనతో ప్రసారం చేశారు. ఆనాడు మన మనసులు నొచ్చుకున్నాయి. అయితే అదే నిజాయితీతో, ఎర్తుగ్రుల్ కథలోనూ అధిక భాగం కల్పనేనని మన పిల్లలకు చెప్పాలి. అతని గురించి చరిత్రకు తెలిసింది బహు స్వల్పం. కుమారుడు ఉస్మాన్ నాణెంపై తండ్రిగా అతని పేరు కనిపిస్తుంది. ఆ కథలో మంగోలులు క్రూరులు. 1258లో బగ్దాదును నాశనం చేసిన హులాగూ మంగోలే. అతన్ని ఎదిరించి యుద్ధం చేసిన బెర్కే ఖాన్ కూడా మంగోలే, చెంగీజ్ ఖాన్ మనుమడే. ఆయన ఇస్లాం స్వీకరించాడు. కనుక దుర్మార్గం మనిషిదే గాని, జాతిది కాదు.

మన ధర్మం కూడా మనకు ఇదే నేర్పింది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ హంజా (రజి)ను చంపిన వహ్షీ ఒక బానిస. ఆ పనికి ప్రతిఫలంగా అతనికి స్వేచ్ఛ ఇస్తామన్నారు. తరువాత అతను ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించారు. కాని తన ఎదుట పడకుండా ఉండమని కోరారు. క్షమించారు, కాని చిన్నాన్నను కోల్పోయిన దుఃఖం లేనట్లు నటించలేదు.

మన పల్లెలలో హిందూ సోదరులు కూడా పీర్లు ఎత్తుతారు. ఆ మొహర్రం కథలోని హుర్‌ను గుర్తు చేసుకోండి. ఇమామ్ హుసైన్ (రజి) దారిని అడ్డగించడానికి వచ్చిన సేనాని అతను. దాహంతో వచ్చిన ఆ సైన్యానికి, గుర్రాలకు సహితం ఇమామ్ నీళ్లు ఇప్పించారు. తరువాత ఆయన బిడ్డలకే ఫురాత్ నది నీళ్లు అందకుండా చేశారు. ఆషూరా నాడు హుర్ పశ్చాత్తాపంతో ఇవతలికి వచ్చి, ఇమామ్ పక్షాన ప్రాణం ఇచ్చాడు. నేడు కృష్ణమ్మ ఒడ్డున కూర్చున్న మనం ఆ నీళ్ల విలువ గ్రహించాలి. అవతలి బారులో హుర్ ఉండవచ్చునన్న ఆశ లేనివాడు శత్రువుకు నీళ్లు పోయలేడు.

దీనికి హద్దు కూడా ఉంది. నేటి నటులు అందంగా ఉంటారు, సంగీతం హృదయాన్ని కదిలిస్తుంది. ప్రతినాయకుని కన్నీరు చూసి, అతని వల్ల చచ్చినవారిని మరచిపోయే ప్రమాదం ఉంది. హుర్ తప్పు ఒప్పుకొని వచ్చాడు. యజీద్ సంగతి అది కాదు. జాలి అందరి మీద కలగవచ్చు, గౌరవం మాత్రం మారినవానికే దక్కాలి.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లలతో కలిసి కూర్చుని చూడండి. టీవీ కట్టేసిన తరువాత మూడు ప్రశ్నలు అడగండి. ఇతని వల్ల నష్టపోయినవారు ఎవరు? ఇతను ఇలా ఎందుకు మారాడు? తిరిగి రావడానికి ఇతనికి దారి ఎక్కడ ఉండింది? మొదటి ప్రశ్నను ఎన్నడూ రెండవదానికి వెనుక పెట్టకండి.

ధారావాహికలో సెల్జాన్ పశ్చాత్తాపపడి, తెగకు అండగా నిలిచింది. ఆ భాగం చూసిన రోజు మనుమడు చెల్లెలి వైపు చూసి ఏమీ అనలేదు. నేను మాత్రం నా బాకీ తీర్చుకున్నాను. "అమ్మా, నీవు ఏడవడం గునాహ్ కాదు. తప్పును తప్పని అంటూనే ఏడ్చావు. అది మరచిపోకు" అని చెప్పాను.