సాంభర్ సరస్సు: అలుగు లేని చెరువు



గ్రామమున చెరువు నిండినప్పుడు అలుగు పొరలును. అలుగుమీదుగా పోవునది నీరు మాత్రమే కాదు. అందు కరగియున్న లవణములును దానితోడనే వెడలిపోవును. తెలుగునాటి చెరువుల నీరు ఉప్పుబారకుండుటకు ఇదియొక ముఖ్యకారణము. అలుగు లేని చెరువు ఏమగునో తెలియవలెనన్నచో రాజస్థానమునందలి సాంభర్ సరస్సును పరిశీలింపవలెను.

జయపురమునకు పడమట పల్లపు నేలలో నున్న యీ సరస్సు నిండినప్పుడు సుమారు 200 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించును. లోతు మాత్రము స్వల్పము. నిండుగా నున్నప్పుడును ఇంచుమించు 3 మీటర్లే. వానకాలమున ఉత్తరమునుండి మేంధా, దక్షిణమునుండి రూపన్‌గఢ్ మొదలగు ఏరులు దీనిలో కలియును. బయటికి పోవు ఏరు ఒక్కటియు లేదు.

దీని జమాఖర్చు లిట్టివి. ఆ ప్రాంతమున ఏటికి కురియు వాన సుమారు 50 సెంటీమీటర్లు. ఎండకు ఆవిరి కాగల నీరో, 2 మీటర్లకు పైమాట. కావున తనపై కురిసిన వాననే నమ్ముకొన్నచో సరస్సు నిలువదు. ఐదువేల చదరపు కిలోమీటర్లకు మించిన పరిసర భూములనుండి ఏరులు మోసితెచ్చు నీరే దానికి ప్రాణము. ఆ నీరును వేసవి నాటికి చాలవరకు హరించి, తెల్లని ఉప్పుపొర బయటపడును.

సూర్యుడు నీటిని కొనిపోవును గాని ఉప్పును కొనిపోడు. లీటరు ఏటినీటిలో అర గ్రాము లవణమున్నదనుకొనుడు. నాలుకకు అది తెలియదు. ఒక చదరపు మీటరు నేలపై ఏటేట మీటరు లోతు నీరు చేరి ఆవిరియైనచో ఏడాదికి అర కిలో, నూరేండ్లకు 50 కిలోల లవణము మిగులును. సాంభరు ఉప్పు కచ్ రణ్ నుండి గాలికి కొట్టుకొని వచ్చినదని 1909లో హాలండ్, క్రిస్టీ అను శాస్త్రజ్ఞులు వాదించిరి. రాళ్లనుండి వాననీరు కరగించి తెచ్చిన లవణమే ముఖ్యమని తరువాతి పరిశోధనలు సూచించినవి.

నీరు చిక్కబడుకొలది లవణములు వరుసగా విడిపోవును. సముద్రతీరపు ఉప్పుమడులలో మొదట సున్నపు పదార్థము, పిమ్మట జిప్సము, ఆపైన వంట ఉప్పు పేరుకొనును. నీరు కాచు పాత్రల అడుగున పట్టు తెల్లని పొర ఆ మొదటిదే. సాంభరున వరుస కొంత మారును. అచ్చటి నీటిలో కాల్షియముకంటె కార్బనేటు పాలు హెచ్చు. సున్నము పేరుకొనుటతోడనే కాల్షియము ముగిసిపోవును. మిగిలిన కార్బనేటు సోడియముతో కూడి సోడా యగును. పూర్వము చాకివారు బట్టలుతుకుటకు వాడిన చవుడు మంటికి గల గుణ మిదియే. అందుచే సాంభరు నీరు ఉప్పనిదే గాక క్షారగుణము కలది. అందు పెరుగు సూక్ష్మమైన నాచును మేయుటకు ఫ్లెమింగో పక్షులు గుంపులుగా వచ్చును. పులికాటు తీరవాసులకు ఈ పక్షులు చిరపరిచితములు. 1990లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరినది.

ఉప్పు సరస్సులో కలసిన నీరు వృథాయని పలువురి తలంపు. ఎగువ రైతులు ఏరులకు అడ్డుకట్టలు కట్టిరి. ఉప్పు తీయువారు కొందరు బోరుబావులతో భూగర్భపు ఉప్పునీటిని తోడిరి. రైతునకు నీరు కావలెననుట న్యాయమే. కాని జమ తగ్గినను ఎండ తన పాలు విడువదు, సరస్సే కుదించుకొనిపోవును. మధ్య ఆసియాలోని అరల్ సముద్రమునకు 1960 తరువాత ఇట్టి గతియే పట్టినది. దానిలో పడు రెండు మహానదుల నీటిని ప్రత్తిపొలములకు మళ్లింపగా, ఎండిన అడుగునుండి ఉప్పుదుమ్ము లేచి ఆ పొలములమీదనే పడినది.

అలుగు లేని సరస్సునకు ఖర్చు సూర్యుని చేతిలోనిది, జమ మానవుని చేతిలోనిది. ఏటినీటిలో పొలమున కెంత, సరస్సున కెంత అని ముందుగా లెక్కవేసి విడుచుటయే ఎగువ పొలములకును శ్రేయస్కరము.