సిసు: ఫిన్లాండ్ వారి గుండెదిటవు

ఒంట్లో సత్తువ అయిపోయిందనుకున్న చోట మనిషి లోపలి నుంచి పుట్టుకొచ్చే తెగువను ఫిన్లాండ్‌లో ‘సిసు’ అంటారు. అక్కడివారు దాన్ని తమ జాతి స్వభావంగానే భావిస్తారు. దేశపు ఉత్తర కొసన చలికాలంలో దాదాపు 50 రోజులు సూర్యుడు ఉదయించడు. అలాంటి నేలమీద సేద్యం చేసి బతకాలంటే మొండి పట్టుదల తప్పనిసరి.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు దండెత్తాయి. తనకన్నా ఎంతో పెద్ద సైన్యాన్ని ఫిన్లాండ్ 105 రోజులు ఎదుర్కొంది. కొంత భూభాగం పోయింది, స్వాతంత్ర్యం మాత్రం నిలిచింది. సిసు పేరు విదేశాల్లో మారుమోగింది అప్పుడే.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగు దాదాపు సగానికి వచ్చేసరికి ఫిన్లాండ్ పరుగువీరుడు లాసె విరెన్ కిందపడ్డాడు. వెంటనే లేచాడు, ముందున్నవారిని అందుకున్నాడు, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఎంత అద్భుతమైన పరుగు అది!

అయితే సిసు యుద్ధాలకూ పతకాలకూ పరిమితం కాదు. శీతకాలంలో గడ్డకట్టిన సరస్సు మంచును కోసి మడుగు చేస్తారు. ముసలివారు సైతం నిచ్చెన పట్టుకుని మెడలోతు దిగుతారు. చలికి ఊపిరి ఎగసిపడుతుంది. అయినా బెదరక, ఊపిరి నిదానించేదాకా నీళ్లలోనే నిలుస్తారు. తర్వాత సానా అనే ఆవిరిగదిలో వెచ్చబడతారు.

ఈ గుణం హద్దు మీరితే హాని కూడా ఉంది. జబ్బునో దిగులునో పంటి బిగువున భరిస్తూ సాయం అడగకపోవడం సిసు కాదు, ప్రమాదం.