విశ్వాసుల కలహము – సమాధానము
(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



మన కులసంఘమునందలి క్రైస్తవ కుటుంబములవారు రెండు పక్షములై, ప్రభువు బల్లయొద్దకు సైతము వేర్వేరుగా వచ్చుచుండుట మీరెల్లరు నెరిగినదే. విద్యార్థి వసతిగృహపు పనిని నడుమ విడిచి, లెక్కలొప్పగింపక వెడలిపోయిన యొక యువకుడును, అతనిని మరల పిలువగోరిన మేనమామయు దీనికి మూలము. మేము తీర్పు చెప్పవచ్చినవారము కాము. పౌలు బర్నబాల కలహమును మాత్రము మీ యెదుట విప్పి చెప్పెదము.

ఆ యిరువురును అంతియొకయనుండి కలిసి బయలుదేరిరి. సహాయకుడుగా వెంటవచ్చిన మార్కు పంఫూలియలోని పెర్గేయొద్ద వారిని విడిచి యెరూషలేమునకు మరలిపోయెను. కారణమును లూకా వ్రాయలేదు. రెండవ ప్రయాణమునకు అతనిని మరల గొనిపోవుదమని బర్నబా, పని విడిచినవాడు తగడని పౌలు పట్టుపట్టిరి. వాదము ముదిరి వేరుపడిరి. బర్నబా మార్కుతో ఓడయెక్కి తన జన్మస్థానమైన కుప్రకు పోయెను. పౌలు సీలతో సిరియ కిలికియల మీదుగా నేగెను.

మార్కు బర్నబాకు సమీపబంధువు. ఈ సంగతి కలహమును దెల్పు గ్రంథమున లేదు. తరువాత పౌలే కొలొస్సయులకు వ్రాసిన లేఖలో నున్నది. బంధుప్రీతి యని యొకరు, కాఠిన్యమని యొకరు అనుకొనుటకు చోటు కలదు. మేనల్లుని వెనుకవేసికొనివచ్చు మామ లేని కులసభ యెక్కడ! ఐనను బర్నబాను నిందింపజాలము. యెరూషలేమున శిష్యులెల్లరు పౌలునకు భయపడిన దినములలో అతని చేయిపట్టి అపొస్తలులయొద్దకు గొనిపోయినవాడు బర్నబాయే. పౌలునకు దొరికిన ఆ యవకాశమునే అతడు మార్కునకు అడిగెను.

వారి సమాధానఘట్టము ఎక్కడను వర్ణింపబడలేదు. కౌగిలింతలు లేవు, కన్నీళ్లు లేవు. కొన్ని వాక్యములు మాత్రము కలవు. కొరింథీయులకు వ్రాయుచు పౌలు బర్నబాను తనతో సమానముగా, కష్టపడి జీవించువానిగా పేర్కొనెను. మార్కు వచ్చినచో చేర్చుకొనుడని కొలొస్సయులకు వ్రాసెను. ఆ లేఖ సంఘమున చదువబడి, పిమ్మట లవొదికయలోను చదువబడవలసినది. తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో, మార్కు పరిచర్యకు ఉపయోగపడువాడు గనుక వెంటబెట్టుకొని రమ్మనెను. ఒకప్పుడు పనికి తగడన్నవానిని పనికే పిలిచెను, అదియు నలుగురు వినునట్లు.

క్షమాశబ్దమునకు సంస్కృతమున ఓర్పనియు భూమియనియు అర్థములు కలవు. మోయుట అందున్నది గాని లెక్క చెరపుట లేదు. ఒనేసిము ఏమైన బాకీయున్నచో తన లెక్కలో వేయుమని పౌలు ఫిలేమోనునకు స్వహస్తముతో వ్రాసియిచ్చెను, బాకీ లేదనలేదు. కావున వసతిగృహపు పుస్తకములను మూసివేయుడను మిత్రులతో మేమేకీభవింపము. ఉభయపక్షములవారును గూర్చుండి వానిని చూడవలయును. లోటు తేలినచో మేనమామగారు పౌలువలె వ్రాసియిత్తురేమో అడిగి చూతము.

తప్పు చేసిన సోదరునితో మొదట ఒంటరిగాను, పిమ్మట ఒకరిద్దరితోను, తుదకు సంఘముతోను చెప్పుమని మత్తయి సువార్త నియమము. మనవారు తలక్రిందులు చేసిరి. మొదట వకీలు నోటీసు, పిదప మహాసభ. ఒంటరిగా మాటలాడుట నేటివరకు జరుగలేదు.

నేటి మధ్యాహ్నమే వారిరువురును ఒక గదిలో గూర్చుండ నేర్పాటు చేయబడినది. లెక్కలు తేలినపిమ్మట ఆ యువకునికి వసతిగృహమున మరల పని యొప్పగించు తీర్మానమును సాయంకాలపు సమావేశమున మేము ప్రవేశపెట్టెదము. బలపరచువారు అవతలి పక్షమునుండి లేవవలయునని మా ప్రార్థన.