సారథి ధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



భారతము విన్నవారందరికిని పార్థసారథి సుపరిచితుడు. కాని వనపర్వమున మరియొక సారథి కలడు. అతనిని తలచువారు అరుదు. సాల్వుడు ద్వారకను ముట్టడించినపుడు ప్రద్యుమ్నుడు బాణపు దెబ్బ తిని రథముపై మూర్ఛిల్లెను. దారుకుని కుమారుడైన సారథి తక్షణమే రథమును మరల్చి రణభూమి నుండి తప్పించెను. తెలివి వచ్చిన ప్రద్యుమ్నుడు, తనకు అపకీర్తి తెచ్చితివని అతనిని నిందించెను. తాను భయపడి మరలలేదనియు, రథికుడు ఒడలెరుగక యున్నపుడు అతనిని రక్షించుట సారథి విధి యనియు ఆతడు బదులు చెప్పెను. ప్రద్యుమ్నుడు మరల యుద్ధమునకు పోయి సాల్వుని ద్వారక విడిచిపోవునట్లు చేసెను.

నేటి అంబులెన్సు నడుపువానికి కావలసిన ధర్మము ఈ చిన్న కథలో ఇమిడియున్నది. రోగి తన్ను తాను కాపాడుకొనలేడు. కావున సారథి మొదటి విధి క్షేమముగా చేరుట. వేగము దాని తరువాతిది.

పాశ్చాత్య దేశములలో ఫ్రెంచి సైన్యవైద్యుడు లారే 1792లో తేలికైన గుర్రపుబండ్లను ఏర్పరచి, యుద్ధము సాగుచుండగనే గాయపడినవారిని తరలింప నారంభించెను. మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలయ్యెను. అంతకు పూర్వము లంకగ్రామములలో ప్రసవవేదన పడు స్త్రీని మంచముపై రేవునకు మోసికొనివచ్చి, పడవ దాటించి, ఆవలి గట్టున బండి కొరకు ఎదురుచూచెడివారు. ఆ కష్టము నెరిగినవారికి ఈ సేవ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కాని వాహనము వచ్చినంత మాత్రమున ప్రాణము దక్కదు. ఈ సీమ రోడ్లను ఒకసారి తలచుకొనుడు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క బోదె, నడుమ ఇరుకైన గట్టుదారి. కోతల కాలమున దానిపైననే ధాన్యము ఆరబోసియుందురు. చీకటిలో గడ్డిబండ్లు దీపము లేక నడచుచుండును. ఇట్టి దారిలో తొందరపడి మలుపు తప్పిన వాహనము, లోనున్న రోగితోపాటు డ్రైవరును, వైద్య సహాయకుని, వెంట వచ్చిన తల్లిని గూడ కాలువపాలు చేయును. ఒక ప్రాణము కాపాడబోయి నాలుగు ప్రాణములను పణముగా పెట్టుట ధర్మమా?

కావున ఆ సిబ్బంది కొన్ని నియమములు పాటింపవలెను. సైరను దారి అడుగుటకే కాని దారి ఉన్నదని చెప్పుటకు కాదు. అత్యవసర వాహనము ఎర్రదీపమును దాటవచ్చునని నిబంధనలు ఒప్పుకొనుచున్నవి గాని, తగిన జాగ్రత్తతోనే దాటవలెననియు అవియే చెప్పుచున్నవి. కూడలిలో వేగము తగ్గించి, అన్ని వైపులవారు తన్ను చూచిరని తెలిసిన పిమ్మటనే కదలవలెను. వెనుక గదిలో రోగిని పట్టీలతో బిగింపవలెను. ఆక్సిజన్ సిలిండరు కట్టు సరిచూడవలెను. కట్టు లేని సిలిండరు కుదుపులో ఫిరంగిగుండు వంటిది. సహాయకుడును కూర్చుండి బెల్టు పెట్టుకొనవలెను. నిద్రలేని డ్రైవరు తన అలసటను దాచరాదు.

నీటిదారికిని ఇదియే ధర్మము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పెక్కుమంది మరణించిన సంగతి ఈ సీమవారు మరువజాలరు. వరదలో రోగిని దాటించునపుడు రేవు విడువక పూర్వమే అందరును లైఫ్ జాకెట్లు తొడుగుకొనవలెను. బంధువులందరు ఒకే పడవ ఎక్కుట ప్రేమ గావచ్చును గాని వివేకము గాదు.

ఇక ఆకాశమార్గము. 2024 అక్టోబరు 29న ఋషీకేశము ఎయిమ్స్ వైద్యశాలలో హెలికాప్టరు అంబులెన్సు సేవ ప్రారంభమయ్యెను. 2025 మే 17న ఆ హెలికాప్టరు రోగిని తెచ్చుటకై కేదారనాథము పోయి దిగుచుండగా తోకభాగము విరిగెను. అందున్న ముగ్గురును దైవకృపచే బ్రతికిరి. ఇట్టి అపాయముల నెరిగిన అనుభవజ్ఞులు కొన్ని దేశములలో ఒక మంచి పద్ధతి నేర్పరచిరి. పైలట్‌కు రోగి వయస్సు గాని, స్థితి గాని ముందుగా చెప్పరు. పసిబిడ్డ యని వినినచో జాలి కలిగి, మబ్బును లెక్కచేయక ఎగురునేమో యని భయము. అంతియేకాదు, బయలుదేరుటకు సిబ్బంది అందరి సమ్మతియు కావలెను, ఆగుటకు ఒక్కని మాట చాలును. వలదన్నవానిని పిరికివాడని ఎవ్వరును నిందింపరాదు. దారుకుని కుమారుని కథకు ఇంతకంటె వ్యాఖ్యానము కావలెనా?

గ్రామస్థుల విధియు కలదు. అంబులెన్సుకు దారి ఇయ్యనివానికి మోటారు వాహనముల చట్టము 194-ఇ సెక్షను ప్రకారము ఆరు నెలల వరకు కారాగారము గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టమునకు భయపడి కాక, రేపు మన ఇంటివారే అందుండవచ్చునని తలచి ప్రక్కకు తొలగవలెను. ధాన్యము కళ్లములో ఆరబోసికొనవలెను. రాత్రివేళ ఒకరు దీపము పట్టుకొని ఊరి మలుపున నిలువవలెను. డ్రైవరును "ఇంకను వేగము" అని తరుమరాదు. హెలికాప్టరు దిగవలసివచ్చినచో కొబ్బరిచెట్లు, కరెంటుతీగలు లేని మైదానము చూపవలెను; పరదాలు, తాటాకులు ముందే తీసివేయవలెను; పిల్లలను దూరముగా ఉంచవలెను. పైలట్ సైగ చేసిన పిమ్మట ఎదుటివైపు నుండియే దగ్గరకు పోవలెను. తోకవైపు ఎన్నడును పోరాదు. అచ్చట తిరుగు రెక్క వేగముచే కంటికి కానరాదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మనకు చదువు చెప్పినది. ఇకమీదట ఇచ్చట గోడపై ఒక పలకను ఉంచుట ఉచితము. ఊరికి వచ్చు దారులు, పెద్ద వాహనము తిరుగలేని మలుపులు, తీగలు లేని మైదానము, వరదలో పడవ నిలువగల రేవు అందు వ్రాసియుంచవలెను. 108కి ఫోను చేయువాడు తడబడక దానిని చూచి చెప్పగలుగును. అది చదివినవాడు ఏదో ఒక రాత్రి ఒక సారథికి సాయపడును. ఆ సారథి రోగితోపాటు తానును క్షేమముగా ఇల్లు చేరుగాక!

స్వస్తి.