యతి, ప్రాస – రెండు భాషల్లో రెండు అర్థాలు



భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పనికోసం వచ్చి ఆ ఉక్కునగరంలో స్థిరపడినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో హిందీ దోహాలు చదివే అక్కడి విద్యార్థికి తెలుగు పద్యం దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. ఛందస్సులో కొన్ని మాటలు రెండు భాషల్లోనూ ఒకటే; అర్థాలు వేరు. ఈనాటి పాఠంలో ఆ చిక్కు విప్పుకుందాం.

ముందుగా రెండింటికీ సమానమైన విషయం. హ్రస్వాక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘాక్షరం, సున్న గల అక్షరం, ద్విత్వ సంయుక్తాక్షరాలకు ముందున్న అక్షరం గురువులు. వాటికి రెండు మాత్రలు. ‘ఇనుము’లో మూడూ లఘువులే. ఇది న గణం. ‘ఉక్కు’లో ఒక గురువు, ఒక లఘువు. ఇది హ గణం. అక్షరాల సంఖ్య వేరైనా రెండింటికీ మూడేసి మాత్రలే. ఈ రెండే సూర్యగణాలు.

దోహా మాత్రల లెక్కతో నడుస్తుంది: 13 మాత్రలు, విరామం, ఆపై 11 మాత్రలు. ఆటవెలది గణాల లెక్కతో నడుస్తుంది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మనమే ఒక రెండవ పాదం కట్టి చూద్దాం:

ఇనుము – కాగి – కాగి – ఎర్ర – నగును

ఇక యతి. హిందీ పాఠంలో యతి అంటే ఆగే చోటు. తెలుగులో అక్షరాల మైత్రి. ఆటవెలది పాదంలో మొదటి అక్షరానికీ, నాలుగవ గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. పై పాదంలో అవి ‘ఇ’, ‘ఎ’. ఇ, ఈ, ఎ, ఏలు పరస్పరం చెల్లుతాయి. అక్కడ గొంతు ఆగనక్కరలేదు. చెవి గుర్తుపడితే చాలు.

ప్రాస కూడా అంతే. హిందీలో ‘తుక్’ పాదాల చివర వస్తుంది. మనం దాన్ని అంత్యప్రాస అంటాం. ఉత్త ‘ప్రాస’ అంటే పాదంలో రెండవ అక్షరపు హల్లు ప్రతి పాదంలోనూ అదే స్థానంలో రావడం. కందానికి, ఉత్పలమాలకు ఇది తప్పనిసరి. ఆటవెలదికి ఈ నియమం లేదు. కాబట్టి ఆటవెలదిలో తుక్ కనబడలేదని పద్యం తప్పనుకోకండి.

తెలుగు లిపి దగ్గర ఇంకా తడబడుతున్నవారు కూడా ఇంట్లో పెద్దలచేత ఒక ఆటవెలది చదివించుకొని వినవచ్చు. గణానికొక దెబ్బ చొప్పున తాళం వేయండి. నాలుగవ దెబ్బ దగ్గర యతి వినిపిస్తుంది. పద్యం చెవికి దక్కితే లిపి నేర్వాలన్న కోరిక దానంతటదే పుడుతుంది.

అభ్యాసం: ‘భిలాయి’ అన్న మాటకు గురులఘువులు గుర్తించి, అది సూర్యగణం అవునో కాదో చెప్పండి.